జానెడు కారు... బారెడు కథ

అమెరికా స్పోర్ట్స్ కారును పాతిక రెట్లు కుదించి, ముక్కలు చేసి, డబ్బాలో పెట్టి అమ్మితే... ఆ ముక్కల్ని అతికించుకుంటూ దశాబ్దాలు గడిపేసినవాళ్లున్నారు. డబ్బా మూత కూడా తీయకుండా దాచుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరిది అసలు సరదా?

వేసవిలో ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో ఏ పల్లె దగ్గర ఆగినా ముంజెలు తినేసిన తాటికాయలు కుప్పలుగా కనిపిస్తాయి. పెద్దవాళ్లకు అవి చెత్త. పిల్లలకు చక్రాలు! రెండు కాయల్ని ఓ పుల్లతో కలిపి, ఆ పుల్లకు పంగల కర్ర ఆనించి తోశారంటే బండి పరుగే పరుగు. ఎవరూ నేర్పరు, కొలతలుండవు. సాయంత్రానికి కాయ ఎండి విరిగిపోతే మర్నాడు మరోటి. మన పల్లెల్లో పిల్లాడు మొదట కొనుక్కునే బండి కాదు, మొదట కట్టుకునే బండి అది.

అదే దారిలో కాసేపు నిలబడితే పెద్ద బళ్లూ కనిపిస్తాయి. సింగరేణి బొగ్గు లారీలు, సారపాక కాగితం మిల్లుకు సుబాబుల్, జామాయిల్ దుంగలు మోసుకుపోయే లారీలు, ఆర్టీసీ బస్సులు. ‘భద్రాచలం రోడ్’ అన్న బోర్డు చూసి రైలు దిగితే అది కొత్తగూడెం అని తెలిసి, రాముణ్ని చూడ్డానికి ఇంకా నలభై కిలోమీటర్ల దాకా వెళ్లాలని గ్రహించి, జీపు వెతుక్కునే యాత్రికులూ ఉంటారు. ఈ రోడ్డు మీద కనిపించనిది ఒకటే... నేలకు బెత్తెడు ఎత్తులో, ఇద్దరే కూర్చునేలా, ముక్కు పొడుగ్గా ఉండే అమెరికా స్పోర్ట్స్ కారు. కార్వెట్, థండర్‌బర్డ్, కోబ్రా లాంటివి ఇటువైపు వస్తే గిస్తే డబ్బాలో ముక్కలుగానే వస్తాయి.

ఒక్క ఏడాది తేడాలో...

నిజానికి అమెరికా కార్లు మనకు కొత్తేం కాదు. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో కార్లు బిగించే కర్మాగారం పెట్టింది. జమీందార్ల ఇళ్లలో, సినిమావాళ్ల ఇళ్లలో షెవర్లేలు, బ్యూక్‌లు తిరిగిన రోజులవి. 1954లో ఆ కర్మాగారం మూతపడింది. అంతకు ముందు ఏడాదే, 1953 జనవరిలో, న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో జరిగిన ప్రదర్శనలో అదే కంపెనీ కార్వెట్‌ను జనానికి చూపించింది. అంటే అక్కడ ఆ కారు పుట్టేసరికి ఇక్కడ దుకాణం సర్దేశారన్నమాట. ఆ తర్వాత విదేశీ కార్ల దిగుమతి దశాబ్దాల పాటు గగనమే. అమెరికా కుర్రకారును ఊపేసిన ఫోర్డ్ మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న విడుదలైతే, మన దేశంలో కంపెనీ దాన్ని అధికారికంగా అమ్మకానికి పెట్టింది 2016లో. యాభై రెండేళ్ల ఆలస్యం!

తొలి ఏడాది కార్వెట్లు తయారైనవి 300. అన్నీ తెలుపే, లోపల సీట్లు ఎరుపు. ఇనప రేకుకు బదులు ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్. చూడ్డానికి రాకుమారుడే కానీ బానెట్ కింద ఉన్నది ఆరు సిలిండర్ల మామూలు ఇంజిన్. కొన్నవాళ్లు పెదవి విరిచారు. 1955లో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టాకే దానికి ప్రాణం వచ్చింది. 1963లో వచ్చిన స్టింగ్ రే మోడల్లో వెనక అద్దాన్ని నిలువునా రెండుగా చీలుస్తూ మధ్యలో ఓ పట్టీ ఉండేది. అద్దంలోంచి వెనక ఏమీ కనిపించడం లేదని గోల పెడితే మరుసటి ఏడాదే ఆ పట్టీ తీసేశారు. అప్పుడు విసుక్కున్న ఆ పట్టీ కోసమే ఇప్పుడు లక్షల డాలర్లు పోస్తున్నారు. పాత వస్తువుల మోజు అంతే, లోపమే అందమైపోతుంది.

అసలు కారు అందనివాళ్లకు బొమ్మ కారు. ఇందులో వింతేం లేదు. కానీ ఈ బొమ్మల్ని మొదట తయారు చేయించింది పిల్లల కోసం కాదు, కార్లమ్మేవాళ్ల కోసం.

షోరూమ్ నుంచి చిల్లర కొట్టుకు

1948లో డెట్రాయిట్ దగ్గర ‘అల్యూమినియం మోడల్ టాయ్స్’ అనే చిన్న కంపెనీ మొదలైంది. ఆ పేరు తర్వాత ఏఎంటీగా కుదించుకుపోయింది. పేరులో ఉన్న అల్యూమినియం కాస్తా త్వరలోనే ప్లాస్టిక్‌గా మారిపోయింది కూడా. కొత్త కారు మార్కెట్‌లోకి వచ్చే రోజుకు, అచ్చం దానిలాగే, అవే రంగుల్లో పాతికో వంతు బొమ్మలు డీలర్ల బల్లల మీద ఉండాలి. అది ఆ కంపెనీ పని. కారు చూడ్డానికి వచ్చిన తండ్రి ఎటూ తేల్చుకోలేకపోతుంటే పిల్లాడి చేతిలో బొమ్మ పెట్టేవారు. ఇంటికెళ్లాక ఆ పిల్లాడే మిగతా పని చూసుకునేవాడు! డీలర్ దగ్గరికి కారూ బొమ్మా ఒకేసారి చేరాలి కాబట్టి, కారు బయటికి రాకముందే దాని డ్రాయింగులు బొమ్మల కంపెనీకి అందేవి. అందుకే ఆ బొమ్మల్లో వంకర గీత ఉండేది కాదు.

1958లో ఏఎంటీకి ఓ మంచి ఆలోచన వచ్చింది. అవే అచ్చుల్లో ముక్కలు పోసి, బిగించకుండా, డబ్బాలో పెట్టి అమ్మితే? పైగా ఒకే డబ్బాలో మూడు రకాలుగా కట్టుకునే వీలు... షోరూమ్‌లో ఉన్నట్టు ఒకటి, మన ఇష్టానికి సింగారించుకునేది ఒకటి, రేసు కారు ఒకటి. లైసెన్సుకు వయసు చాలని కుర్రాళ్లు ఎగబడ్డారు. వీధిలో అన్నలు నిజం కార్లకు చేస్తున్న హంగులన్నీ తమ్ముళ్లు వంటగది బల్ల మీద చేసేశారు.

పోటీ తప్పలేదు. కాలిఫోర్నియాలో 1943లో పుట్టిన రెవెల్, షికాగోలో 1945లో మొదలైన మోనోగ్రామ్, తర్వాత ఎంపీసీ, జో-హాన్... అరవైల దశకమంతా వీళ్లదే రాజ్యం. ఆ తర్వాత సంగతి మామూలే. ఒకర్నొకరు కొనుక్కున్నారు, కొందరు మూసుకున్నారు. 1986లో రెవెల్, మోనోగ్రామ్ ఒక్కటయ్యాయి. 2018లో వాటి యజమాని కంపెనీ దివాలా తీస్తే జర్మనీ పెట్టుబడిదారులు రెవెల్‌ను తీసుకున్నారు. ఏఎంటీ పేరు మీద రౌండ్ 2 అనే అమెరికా కంపెనీ కిట్లు వేస్తోంది. అరవై ఏళ్ల కిందటి డబ్బా మీది బొమ్మను కూడా అలాగే అచ్చేసి మరీ అమ్ముతోంది. కొనేవాళ్లలో చాలామంది అప్పటి పిల్లలే, ఇప్పుడు తాతలు.

డబ్బా తీస్తే...

లోపల కారు ఉండదు. పుల్లల చట్రానికి కాయల్లా అంటుకున్న ముక్కలుంటాయి. కాస్త వివరంగా ఉండే కిట్ అయితే వంద దాకా. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి, ఉక్కు అచ్చుల్లోకి ఒత్తిడితో పంపితే తయారయ్యే ముక్కలవి. ఇంజిన్ ఒక్కటే పది పన్నెండు ముక్కలు. సీట్లు, స్టీరింగ్, సైలెన్సర్ గొట్టాలు, నల్ల టైర్లు, తళతళలాడే క్రోమ్ పూత బంపర్లు, నీళ్లలో నానబెట్టి అంటించే బుల్లి స్టిక్కర్లు.

ముక్కను లాగి విరవకూడదు. కట్టర్‌తో తుంచి, అంటుకుని ఉన్న మొటికను ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేయాలి. అతికించేది మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌ను పైపైన కరిగించే ద్రవం. రెండు ముక్కల అంచులు కరిగి, ఒకదాన్లో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి. చుక్క ఎక్కువైతే కారు తలుపు మీద వేలిముద్ర శాశ్వతంగా మిగిలిపోతుంది. దాని వాసన మంచిది కాదు. కిటికీలు తీసుకుని, పిల్లలైతే పెద్దలను పక్కన పెట్టుకుని చేయాల్సిన పని. అతుకుల్లో సందులుంటే పుట్టీ, ఆపైన ప్రైమర్, ఆపైన రంగు, ఆపైన మెరుపు.

ఈ వరస ఎక్కడో విన్నట్టు లేదూ? ఖమ్మం నుంచి బెజవాడ వెళ్లే రైలెక్కితే ఊరు రాబోయే ముందు కొండపల్లి స్టేషన్ వస్తుంది. అక్కడి బొమ్మల కాలనీలో జరిగేదీ ఇదే. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి ఏనుగుకు తొండం వేరు, చెవులు వేరు, అంబారీ వేరుగా చెక్కుతారు. ఎడ్లబండికి చక్రాలు వేరు, కాడి వేరు, ఎడ్లు వేరు. చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, సున్నం పూత వేసి, ఆరాక రంగులద్దుతారు. అమెరికావాళ్లు పుట్టీ, ప్రైమర్ అంటున్నది మనవాళ్లు మక్కు, సున్నం అన్నారు. తేడా ఏమిటంటే కొండపల్లిలో ముక్కలు చెక్కినవాళ్లే బొమ్మను పూర్తి చేస్తారు. కిట్‌లో సగం పని కంపెనీది, సగం మనది. మరో తేడా, అచ్చు ఎన్ని లక్షల ముక్కలైనా పోస్తుంది. పొణికి చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది. నరికినంత వేగంగా నాటడం లేదన్న బెంగ కొండపల్లిలో ఏనాటి నుంచో ఉంది.

కార్ల బొమ్మ కట్టేవాళ్లకు అన్నిటికన్నా కష్టం రంగు. ఎందుకో చిన్న లెక్క చూడండి. పూత మిల్లీమీటరులో పదో వంతు మందం ఉందనుకుందాం. పాతిక రెట్లు పెంచితే అసలు కారు మీద అది రెండున్నర మిల్లీమీటర్ల మందం! గోడకు గిలాబా చేసినట్టే. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు పొగలాంటి పల్చని పూతలు నాలుగైదు వేసి, ప్రతిదాన్నీ ఆరబెట్టి, నీళ్లలో తడిపిన ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ వేస్తారు. కారు కట్టడానికి వారం పడితే రంగుకు నెల పడుతుంది. వానాకాలంలో గోదావరి పక్కన ఈ పని పెట్టుకుంటే రెండు నెలలు. గాల్లో తేమ ఎక్కువైతే మెరవాల్సిన రంగు పాలిపోయినట్టవుతుంది మరి.

కట్టాలా... దాచాలా?

ఈ సరదాలో అసలు తగువు ఇక్కడే. అరవైల నాటి కిట్లలో చాలావాటిని మళ్లీ తయారు చేయడం కుదరలేదు. ఎందుకంటే అప్పట్లో కార్ల కంపెనీలు ఏటా బంపరో, లైటో మార్చేవి. బొమ్మల కంపెనీ ప్రతిసారీ కొత్త అచ్చు చేయించుకోలేక ఉన్న అచ్చునే చెక్కి, మార్చి, కొత్త ఏడాది మోడల్‌కు వాడేసేది. అచ్చు మారిందంటే పాత కారు ఇక పుట్టదు. ఆ ఏడాది అమ్ముడైన డబ్బాలెన్నో అన్నే. వాటిలో ఎక్కువ భాగం కుర్రాళ్లు కట్టేశారు, కొన్నిటిని టపాసులు పెట్టి పేల్చేశారు కూడా. మిగిలిన కాసిని, మూత తీయని డబ్బాలే ఇప్పుడు సేకర్తల వేటలో ఉన్నవి.

కాబట్టి అలాంటి డబ్బా ఒకటి చేతికి దొరికితే ఏం చేయాలి? కట్టేస్తే దాని ధర పడిపోతుంది, ప్రపంచంలో కట్టని కిట్ ఒకటి తగ్గిపోతుంది. కట్టకపోతే... అది కారే కాదు. ప్లాస్టిక్ ముక్కలు, ఓ కాగితం. లోపల ముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా మూత తీస్తే గానీ తెలియదు, తీస్తే విలువ పోతుంది. బ్యాంకు లాకర్లో నగ పెట్టుకుని పెళ్లికి గిల్టు వేసుకెళ్లినట్టు!

దీనికి మధ్యేమార్గం కనిపెట్టినవాళ్లున్నారు. వాళ్లు డబ్బాల జోలికి పోరు. ఎప్పుడో ఏ పదేళ్ల పిల్లాడో జిగురు కుమ్మరించి, వంకరగా అతికించి, బ్రష్షుతో రంగు పులిమి, అటక మీద పడేసిన కార్లను చవగ్గా కొంటారు. రంగు కరిగించి, అతుకులు జాగ్రత్తగా విడదీసి, విరిగిన ముక్కలు సొంతంగా చేసుకుని, కొత్తగా నిలబెడతారు. అమెరికాలో ఇలాంటి పాడైన బొమ్మల్ని ముద్దుగా ‘గ్లూ బాంబ్’ అంటారు. ధర పెరుగుతుందని డబ్బాలు పేర్చుకునేవాళ్ల కన్నా వీళ్లే ఈ సరదాకు అసలు వారసులు అనిపిస్తుంది. ఓ వస్తువును తగ్గించకుండా, పోయినదాన్ని ఒకటి వెనక్కి తెస్తున్నది వాళ్లే కదా.

దాచిపెడితే ఉంటుందన్న భరోసా అయినా ఉందా అంటే, అసలు కార్లకే లేదు. అమెరికాలోని బౌలింగ్ గ్రీన్‌లో కార్వెట్ల కోసమే ఓ మ్యూజియం ఉంది. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున దాని నేల ఉన్నట్టుండి కుంగిపోయి ఎనిమిది అరుదైన కార్వెట్లను మింగేసింది. అన్నిటినీ పైకి తీశారు గానీ మళ్లీ బాగుచేసింది మూడింటినే. మిగతా అయిదూ నలిగిన ముద్దల్లా అలాగే ప్రదర్శనలో పెట్టారు. జనం వాటినే ఎగబడి చూశారట!

మన దగ్గర ఎలా?

మనకూ బొమ్మ కార్ల చరిత్ర లేకపోలేదు. ఇంగ్లండ్‌లో డింకీ కంపెనీ వాడి వదిలేసిన అచ్చులు కలకత్తా చేరి ‘నిక్కీ టాయ్స్’ అయ్యాయి. అదే ఊళ్లో మాక్స్‌వెల్, మిల్టన్ పేర్లతో లోహపు కార్లు వచ్చేవి. ఎనభైల్లో లియో కంపెనీ మాటెల్‌తో కలిసి హాట్ వీల్స్ తెచ్చింది. తిరనాళ్లలోనో, పట్నం నుంచి వచ్చిన మావయ్య జేబులోనో అలాంటి కారు ఒకటి చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అయితే అవన్నీ బిగించి వచ్చినవే. కట్టుకునే కార్లు మాత్రం మనకు పెద్దగా అలవాటు కాలేదు.

ఇప్పుడు తెప్పించుకుందామన్నా ఖరీదే. 2020 బడ్జెట్లో బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దేశంలో బొమ్మల తయారీ పెరగాలన్నది ఉద్దేశం. పెరగడమూ మంచిదే. కానీ ఇలాంటి కిట్లు ఇక్కడ చేసేవాళ్లు లేకపోవడంతో అమెరికాలో ముప్ఫై నలభై డాలర్లకు దొరికే డబ్బా కొత్తగూడెం చేరేసరికి మోయలేని ధర అవుతుంది. పిల్లాడి వేసవి సెలవుల సరదా కోసం అంత పెట్టే ఇళ్లు ఎన్ని?

కార్లు కట్టాలన్న వెర్రి ఉంటే మాత్రం దారులు కనిపిస్తాయి. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకార్స్ మ్యూజియం చూసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. కె.సుధాకర్ యాదవ్ అనే ఆయన పాత ఇనప సామాన్లతో బర్గర్, బ్యాటు, కెమెరా, చెప్పు... ఇలా రకరకాల ఆకారాల్లో నడిచే కార్లు కట్టి 2010లో ఆ మ్యూజియం తెరిచారు. అంతకు ముందు 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ నడిపి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. కిట్ కట్టేవాళ్లు పెద్ద కారును చిన్నది చేస్తారు, ఈయన చిన్న వస్తువును కారంత చేశారు. చేతిలో పనితనం ఒకటే.

సారపాక అట్టతో స్టింగ్ రే

ఇక భద్రాచలం వైపు వాళ్లకు ఓ సొంత దారి ఉంది. గోదావరికి ఇవతల సారపాకలో 1979 నుంచి మిల్లు నడుస్తోంది. ఒకప్పటి భద్రాచలం పేపర్‌బోర్డ్స్, 2002 నుంచి ఐటీసీ. సబ్బు, టూత్‌పేస్టు లాంటి వస్తువుల డబ్బాలకు వాడే అట్టలు చేయడం ఆ మిల్లు పని. ఇంట్లో చెత్తబుట్టలో పడేసే అట్టపెట్టె ఈ అడవి అంచు నుంచే వెళ్లి, సబ్బును మోసుకుంటూ తిరిగొచ్చినదే కావచ్చు!

అట్టతో నమూనాలు కట్టడం యూరప్‌లో పాత విద్యే. కొలత కూడా కష్టం కాదు. అసలు వస్తువు సెంటీమీటర్లను పాతికతో భాగించడమే. 1963 స్టింగ్ రే పొడవు సుమారు 445 సెంటీమీటర్లు. అంటే 17.8, జానెడు కూడా లేదు. వెడల్పు 177... ఏడు సెంటీమీటర్లు. ఎత్తు 126... అయిదు. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 249... పది. పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి చూసి ఆ పొడవుకు గళ్ల కాగితం మీద గీసుకుని, అట్ట మీదికి దించి, రెండు పక్కలూ కత్తిరించి, మధ్యలో అడ్డ పట్టీలు నిలబెడితే అస్థిపంజరం సిద్ధం. దాని మీద పల్చటి అట్ట కప్పాలి. స్టింగ్ రే ఒంపులు అట్టకు అంత సులువుగా లొంగవు. సన్నటి పట్టీలుగా కోసి పక్కపక్కన అతికించి, పైన కాగితం గుజ్జు రాసి, ఆరాక రుద్దాలి. మొదటి కారు కప్పలా వస్తుంది. రెండోది పడవలా వస్తుంది. మూడోదానికి కార్వెట్ పోలికలు కనిపిస్తాయి. ఖర్చు... జిగురు సీసా, ఉప్పుకాగితం, చిన్న రంగు డబ్బా. కార్వెటే ఎందుకు, బొగ్గు లారీ అయినా, పాపికొండల లాంచీ అయినా లెక్క అదే. లారీ అయితే రోజూ ఇంటి ముందే పోతుంటుంది కాబట్టి టేపు పట్టుకుని కొలుచుకోవచ్చు కూడా. ఆగి ఉన్నప్పుడు, డ్రైవర్ని అడిగి సుమా!

ప్లాస్టిక్ కిట్ దొరికినవాళ్లు మాత్రం మన ఎండను లెక్కలో పెట్టుకోవాలి. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. పాలిస్టైరీన్ మెత్తబడటానికి 90 డిగ్రీల పైన కావాలి కాబట్టి ఇంట్లో భయం లేదు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెడితే మాత్రం పల్చటి ముక్కలు వంగిపోతాయి. రేకుల ఇంట్లో అటక మీదా పెట్టొద్దు. ఎండ తగిలితే స్టిక్కర్లు పసుపెక్కుతాయి, తేమ తగిలితే డబ్బాకు బూజు పడుతుంది. కొందరు దాచుకున్న కిట్‌కు అసలు శత్రువు డబ్బా లోపలే ఉంటుంది... టైర్లు. పాత కిట్ల మెత్తటి టైర్లలో కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ల తరబడి ఊరుతూ, తగిలిన ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. ముప్ఫై ఏళ్లు అపురూపంగా దాచి మూత తీస్తే బానెట్ మీద టైరు అచ్చు దిగి ఉంటుంది. కట్టినా, దాచినా ముందు చేయాల్సిన పని ఒకటే: టైర్లు తీసి వేరే కవర్లో పెట్టేయండి.